శాంతమ్మ మామ్మ వేసిన తెల్ల చీటీ

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గాలీ ధూళీ, చేతబడి, దిష్టి, ఇవేవీ నమ్మను. దేవుణ్ణి నమ్ముతాను, అదీ అమ్మా నాన్నా నేర్పినంతవరకు. శ్రీకాకుళంలో ఇరవై ఏళ్లుగా ప్రాథమిక పాఠశాల టీచర్ని. చీకటంటే భయపడే పిల్లలకి ధైర్యం చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ముందే ఇది ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను మరోలా అనుకోకూడదని.

నాకు ఎడమ డొక్కలో నొప్పి వస్తుంది. ఆరేళ్లయింది. నెలకి మూడు నాలుగుసార్లు వస్తుంది, తడిబట్ట పిండినట్టు మెలితిప్పి, గంటన్నర ఉండి పోతుంది. పోయాక ఏమీ జరగనట్టే ఉంటాను. నొప్పి ఉన్నప్పుడు డాక్టరు ఉండడు, డాక్టరు ఎదురుగా ఉన్నప్పుడు నొప్పి ఉండదు.

శ్రీకాకుళంలో చూపించాం, విజయనగరంలో చూపించాం, విశాఖపట్నం రెండుసార్లు వెళ్లాం. స్కానింగులు, ఎండోస్కోపీ, రక్త పరీక్షలు అన్నీ అయ్యాయి. ఒకాయన గ్యాస్ అన్నాడు. ఒకావిడ వయసన్నారు. మరొకాయన నా వంక చూడకుండా, ఇంట్లో ఏమైనా టెన్షన్లున్నాయా అని మా ఆయన్ని అడిగాడు. మేముండేది అరసవల్లిలో. పక్కింటావిడ పాపం, ఆదివారం ఒక్కసారి గుడికి రా, ఒంట్లో బాగుంటుంది అంటుంది. మా అత్తగారు వాము నీళ్లు కాచి ఇస్తూనే ఉన్నారు. అన్నీ తాగాను.

మా ఆయన చెడ్డవాడు కాదు. సెలవు పెట్టి మరీ తిప్పాడు. కానీ కిందటేడు విశాఖ నుంచి బస్సులో వస్తూ, రిపోర్టుల ఫైలు ఒళ్లో పెట్టుకుని ఒక మాటన్నాడు. "అన్నీ నార్మలంతన్నారు కదే. ఇంకేటి సెయ్యమంతావు నన్ను?" కోపంగా అనలేదు, అలసిపోయి అన్నాడు. నేనూ అలసిపోయాను. ఆ రోజు నుంచి నొప్పి వస్తే చెప్పడం మానేశాను.

అప్పటినుంచే నాకొక అలవాటు పట్టుకుంది. నొప్పి వచ్చే ముందు ఎడమచేతి ఉంగరం వేలు చల్లబడిపోతుంది. వెంటనే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టి, నేల మీద కూర్చుని, నీళ్లు నింపిన బకెట్ అంచుకి డొక్క ఆనించి నొక్కుకుంటాను. అలా అయితే కొంచెం ఓర్చుకోగలను. నలభై ఆరేళ్ల మనిషిని, బకెట్ పట్టుకుని కూర్చుంటానని ఎవరితో చెప్పుకోను? వేలు సంగతి గానీ బకెట్ సంగతి గానీ ఎవరికీ తెలీదు. డాక్టర్లకీ చెప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మాది బాప్టిస్టు సంఘం. శుక్రవారం మధ్యాహ్నం ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన ఉంటుంది. వేసవి సెలవుల్లో తప్ప నాకు కుదరదు. అక్కడొక పద్ధతి ఉంది. పాస్టరుగారి భార్యని మేం అమ్మగారు అంటాం. ఆవిడ పాత క్యాలెండర్ కాగితాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు. పేరు పెట్టకుండా మన మనవి రాసి, మడిచి, బుట్టలో వెయ్యాలి. అన్నీ కలిపాక తలా ఒకటి తీసుకోవాలి. ఎవరిదో తెలియని ఆ మనవి కోసం వారమంతా ప్రార్థన చేసి, మళ్లీ శుక్రవారం ఆ చీటీ తెచ్చి ఇచ్చెయ్యాలి.

ఆ శుక్రవారం అమ్మగారితో కలిపి పదకొండు మందిమి ఉన్నాం. నా అనారోగ్యం గురించి ప్రార్థించండి అని ఒక్క ముక్క రాసి వేశాను. తర్వాత నాకొచ్చిన చీటీ విప్పాను.

నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. "ఎడమ డొక్కలో నొప్పి. వచ్చే ముందు ఉంగరం వేలు చల్లబడుతుంది. బాత్రూం గడియ పెట్టుకుని, బకెట్ అంచుకి ఆనుకుని కూర్చుంటాను. పిచ్చిదాన్నంటారని ఎవరికీ చెప్పలేదు. బాగుచెయ్యమని అడక్కపోయినా పర్వాలేదు. ఇది నిజమని నమ్మండి."

నాకు భయం వెయ్యలేదు, ఒళ్లు మండింది. ఎవరో వెంటిలేటర్లోంచి చూసి నన్ను వేళాకోళం చేస్తున్నారనుకున్నాను. మా అత్తగారు పసిగట్టి ఎవరికో చెప్పారేమో అనుకున్నాను. ఇంకో మనిషికి నిజంగా ఇలాంటి నొప్పి ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. చీటీని బైబిల్లో కుక్కి ఇంటికొచ్చాను. వారమంతా ఒక్కసారి కూడా దాని కోసం ప్రార్థన చెయ్యలేదు. ఆ వారం నొప్పి రెండుసార్లొచ్చింది.

మళ్లీ శుక్రవారం నిలదియ్యాలనే వెళ్లాను. ఏ చీటీ ఎవరిదో ఇవాళ తేలాలి అన్నాను. అమ్మగారికి ఇష్టం లేదు గానీ నా మొహం చూసి ఒప్పుకున్నారు. చీటీలన్నీ చాప మీద పరిచాం. ఎవరి రాత వాళ్లు గుర్తుపట్టి తీసుకున్నారు. తొమ్మిది చీటీలకి తొమ్మిదిమంది తేలారు. చాప మీద రెండు మిగిలాయి, నాదీ, ఆ నీలం ఇంకుదీ. మనుషుల్లో నేనూ, శాంతమ్మ మామ్మా మిగిలాం.

మామ్మది భావనపాడు. ఇక్కడ కూతురి దగ్గర ఉంటోంది. ఎనభై దాటాయి, చదువు రాదు. నేను రాసిన చీటీ ఆవిడకే వచ్చింది. చెమటకి నానిపోయి మెత్తగా అయిపోయి ఉంది.

నీ చీటీ ఎవరు రాసిపెట్టారు మామ్మా అని అడిగాను.

"నాకెవులు రాస్తారు టీచరమ్మా. ఎప్పుడూ తెల్ల సీటీయే మడిసి ఏస్తాను. నాకేటి కావాలో ఆయనకి తెలుసు గదా," అంది. నా చీటీ చూపించి, "ఇది సదవడం నాకు రాదు. ఎవులిదో గాని, గుప్పిట్లో ఎట్టుకుని వారమంతా అడిగినాను. నిజవే అయ్యుంటాది, నేకపోతే ఎందుకు రాస్తారు," అంది.

నేను తలెత్తలేకపోయాను. ఆరేళ్లుగా నన్నెవరూ నమ్మడం లేదని ఏడ్చినదాన్ని, నమ్మండి అని ఒకరు రాసి అడిగితే నేను చేసిందీ అదే. చాలా సిగ్గేసింది.

చేతిరాతలు చూడటం నా పని. ఆ తొమ్మిదిమంది రాతా దగ్గర పెట్టుకుని చూశాను. ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివీ కావు, నావీ కావు. కాగితం మాత్రం ఆ క్యాలెండర్దే. వెనక సగం తెగిన అంకె పక్క ముక్కతో సరిగ్గా కలిసింది. తెల్ల చీటీ ఎవరికీ రాలేదు. మామ్మకి మోకాళ్ల నొప్పులు తప్ప ఇంకే నొప్పీ లేదు. అమ్మగారు ఆ చీటీ నన్నే ఉంచుకోమన్నారు.

జూన్‌లో విజయనగరంలో కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నొప్పి ఎలా ఉంటుందమ్మా అని అడిగాడు. చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉన్నాను. బ్యాగులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, మళ్లీ చదివాడు. నా వేలు పట్టుకుని చూశాడు. బకెట్ అంచు సరిగ్గా ఎక్కడ ఆనించుకుంటారని అడిగాడు. మా ఆయన నా వైపు తిరిగి, "బకెట్టేటి?" అన్నాడు మెల్లగా. అప్పుడు అంతా చెప్పాను.

ఇది మీరే రాశారా అని అడిగాడు డాక్టరు. అవునన్నాను. ఇంకేం చెప్పను?

ఆయన కొత్త పరీక్షలు రెండు రాశాడు. వాటిలోనూ ఏమీ తేలలేదు. "నొప్పి ఉందమ్మా. దాని పేరే ఇంకా దొరకలేదు, వెతుకుదాం," అన్నాడు. బయట వరండాలో కూర్చుని ఏడ్చాను. మర్నాడు స్కూలు నుంచి వచ్చి చూస్తే, బాత్రూంలో బకెట్ పక్కన ఒక పీట వేసి ఉంది. మా ఆయన వేసిందే.

నొప్పి ఇంకా వస్తోంది. ఆ చీటీ ఎవరు రాశారో ఎన్ని విధాల ఆలోచించినా తేలలేదు. వేలు చల్లబడగానే ముందు ఆ రాసినావిడ కోసం ప్రార్థన చేస్తాను, ఆవిడంటూ ఒకరు ఉన్నా లేకపోయినా. తర్వాతే పీట మీద కూర్చుంటాను. చీటీని ఆస్పత్రి ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టాను. అందులో నార్మల్ అని లేని కాగితం అదొక్కటే.