పాలట్యాంకు లోపలి అతుకు

సాలూరులో లారీ బాడీలు కట్టే నరసింగరావు షెడ్డులో దేవమణి వెల్డింగు పనికి చేరిన కొత్తలో జనం ఆగి మరీ చూసేవారు. "సూడండి, టిక్కెట్టు నేదు" అనేది ఆమె, మాస్కు తీయకుండానే.

భర్త జేమ్స్‌దీ ఆ షెడ్డే. అతనిది మిగ్ వెల్డింగు. గన్ను మీట నొక్కితే తీగ దానంతటదే వచ్చి కరుగుతుంది. మందపాటి ఇనప చట్రాలు చకచకా అతికేస్తాడు. రవ్వలు చిమ్మి అతుకు చుట్టూ ఇనప గుళ్లు మిగిలినా లారీకి పట్టింపు లేదు. దేవమణి పని టిగ్. విజయనగరంలో హోటలు సామాన్లు చేసేచోట నేర్చుకుంది. ఒక చేత టార్చి, ఇంకో చేత సన్నటి కడ్డీ. టార్చి మొనలోని టంగ్‌స్టన్ సూది వేడి పుట్టిస్తుందే గాని తాను కరగదు. ఆ వేడికి కరిగిన రేకులోకి కడ్డీని చుక్కచుక్కగా అందించాలి. నత్తనడక పనే. కానీ పల్చటి స్టీలు రేకు చిల్లిపడదు, అతుకు మీద వేలు జారిపోతుంది.

2015 వేసవిలో డెయిరీవాళ్ల పాలట్యాంకు వచ్చింది. లోపలి అతుకులు దేవమణికే అప్పజెప్పారు. ఆఖరిది మిగిలి ఉండగా, తల్లికి జబ్బు చేసిందని ఆమె కళింగపట్నం వెళ్లింది. తిరిగొచ్చేసరికి ట్యాంకు వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు వెనక్కి వచ్చింది. ఎంత కడిగినా పాలు విరిగిపోతున్నాయట.

"ఆడమనిసికి ఇచ్చినాను. నాదే బుద్ధి తక్కువ" అన్నాడు నరసింగరావు డెయిరీ మనిషితో. పక్కనే ఉన్న జేమ్స్ తల వంచుకుని గ్లౌజులు సర్దుకున్నాడు.

ఆ మాట విన్న దేవమణి ట్యాంకులోకి దూరింది. పుల్లటి కంపు. తన అతుకులు ఒక్కొక్కటీ తడుముతూ పోయింది. ఆఖరిదాని దగ్గర చేతికి గరుకు తగిలింది. గుళ్లు, వాటి మధ్య సన్నటి బెజ్జాలు, బెజ్జాల్లో ఎండిన పాలు. అది ఎవరి చేతిపనో ఆమెకు ఇట్టే తెలిసింది. ఒళ్లు మండిపోతూ బయటికొచ్చింది.

"మావా, ఇదేటి?"

"నరసింగరావు బాబు తొందరెట్టినారు. నువ్వు ఊళ్లో నేవు. మిగ్గుతో కానిచ్చీమన్నారు" అని గొణిగాడు జేమ్స్.

"కానిచ్చినావు, సరే. ఇప్పుడు నన్నంటంటే నీ నోరేటైపోనాది?"

"మొగుడూ పెళ్లాల గొడవ ఇంటికాడ సూసుకోండి. ముందు అది బాగుసెయ్యి" అన్నాడు నరసింగరావు.

"సేత్తాను బాబూ. పాడుసేసినోలెవులో ముందు ఆ డెయిరీ ఆయనకి సెప్పండి. ఇద్దరూ సెప్పాల."

టార్చి కింద పెట్టి, షెడ్డు గుమ్మంలో బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుంది.

"రేపట్నుంచి పనికి రాకు!" అని అరిచాడు నరసింగరావు.

"రేపేటి, ఇప్పుడే మానేత్తాను. ఆ పల్సటి రేకు ఎవులతికిత్తారో సూత్తాను."

డెయిరీ మనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి జేమ్సే ముందుకొచ్చాడు. "ఆ అతుకు నాదండీ. పాలట్యాంకుకి అది పనికిరాదని తెలిసే సేసినాను."

"నేనే సెయ్యమన్నాను" అన్నాడు నరసింగరావు, మొహం పక్కకు తిప్పుకుని.

"ఇనబడ్నేదు" అంది దేవమణి.

అతను మళ్లీ చెప్పాడు. ఈసారి రోడ్డు మీదివాళ్లకూ వినబడింది.

జేమ్స్ గ్రైండరు పట్టి తన అతుకును తనే కోసేశాడు. దేవమణి నిదానంగా కొత్తది వేసింది. ట్యాంకు మళ్లీ వెనక్కి రాలేదు. నరసింగరావు కూడా ఆమె పని విషయంలో ఆడమనిషన్న మాట ఎత్తలేదు, కనీసం ఆమెకు వినబడేలా.

జేమ్స్‌ను మాత్రం ఆమె అంత తేలిగ్గా వదల్లేదు. ఆ వారమంతా కూడు తనే వడ్డించుకున్నాడు.