‘పోతది’ అన్న పాపానికి

ఈ రోజు పొద్దున ఎదురింటి పెద్దమ్మతో ఆమె కన్ను పోతుందని చెప్పాను. చెప్పాలని చెప్పలేదు. అసలు నేను మాట్లాడింది కన్ను గురించే కాదు. అయినా ఆమె ఆపరేషన్ మానుకుని, గుమ్మం ముందుకు వచ్చిన ఆటోను వెనక్కి పంపించి, దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకుందంటే కారణం నా నోరే. ఈ తప్పును ఎవరి మీదికైనా నెట్టగలనేమోనని మధ్యాహ్నం దాకా చూశాను. ఎవరూ దొరకలేదు.

జరిగింది తెలియాలంటే మా గల్లీలో నాకున్న పేరు గురించి చెప్పాలి. నేను ఎనుమాముల మార్కెట్లో రైతుల మిర్చి అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. అక్కడ నన్ను పట్టించుకునేవాళ్లు తక్కువ. మట్టెవాడలో ఇంటికొస్తే మాత్రం నేను పెద్ద మనిషిని. టీవీలో రాబోయే కొత్త సీరియళ్లలో ఏది ఆడుతుందో, ఏది మూతపడుతుందో మొదలుకాక ముందే చెప్పగలనని గల్లీ అంతా నమ్ముతుంది.

దసరా దాటగానే చానళ్లు పాత సీరియళ్లకు మంగళం పాడి కొత్తవి దించుతాయి. ఆ రోజుల్లో మా ఇంటి ముందు పెళ్లి ముహూర్తాలు చూసే అయ్యగారి ఇంటి ముందున్నంత సందడి. ఇది వాళ్లకు చిన్న సంగతి కాదు. ఒక సీరియల్ పట్టుకుంటే ఏళ్ల తరబడి అన్నం వండే వేళ మారిపోతుంది, పిల్లలు చదువుకునే గది మారిపోతుంది. సగంలో ఆగిపోయే దానితో అంత సంసారం ఎందుకు పెట్టుకోవాలి, ముందే విచారించుకుంటే పోదా అని టైలర్ భార్య అంటుండేది. విచారించడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు.

ఈ పేరు నాకు ఒక్క మాట వల్ల వచ్చింది. మార్కెట్లో రైతు బస్తా విప్పి, మాల్ ఎట్లుందని అడిగితే మేము ‘పోతది’ అంటాం. అంటే అమ్ముడుపోతుంది, దిగులు పడకు అని. కొన్నేళ్ల కిందట మా ఆవిడ ఒక కొత్త సీరియల్ ఎట్లుంటుందని అడిగితే, లెక్కల ధ్యాసలో ఉండి, అలవాటు కొద్దీ ‘పోతది’ అన్నాను. ఆ సీరియల్ ఎంతకీ ఆగలేదు. అందులో చంటిపిల్ల పెరిగి పెళ్లి చేసుకుంది. మా ఆయన పోతదన్నాడు, ఎట్ల పోతుందో చూడండి అని ఆమె గల్లీ అంతా చెప్పింది. ఆ తర్వాత ఇంకో సీరియల్ గురించి కిరాణం సేటు అడిగాడు. మళ్లీ ‘పోతది’ అన్నాను. అది నెల తిరక్కుండానే మాయమైంది. అన్న పోతదన్నడు, పోయింది అని సేటు తన దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు.

ఆ మాటలోని సుఖం నాకు అప్పుడు తెలిసింది. సీరియల్ నడిచినా నేను చెప్పినట్టే, ఆగినా నేను చెప్పినట్టే. అక్కడితో ఊరుకుని ఉంటే దాన్ని అలవాటు అనుకుని సరిపెట్టుకోవచ్చు. నేను ఊరుకోలేదు. దాని చుట్టూ ఒక శాస్త్రం కట్టాను. మిర్చిని చూసినట్టే సీరియల్‌ను చూడాలని చెప్పేవాణ్ని. ప్రకటన వస్తున్నప్పుడు టీవీ గొంతు నొక్కేసి, కళ్లు చిన్నవి చేసుకుని చూసేవాణ్ని. కోడలు మొదట హారతి పళ్లెంతో కనిపిస్తే కాయ గట్టిదనేవాణ్ని. అత్త మెట్లు దిగుతూ కనిపిస్తే గింజ నిండుగా ఉందనేవాణ్ని. హీరో ఆఫీసులో కూర్చుని కనిపించాడంటే తాలు, అంటే రంగు వెలిసిన పనికిరాని కాయ. ఇంతా చెప్పి, అందరూ నా నోటి వంక చూస్తుండగా, గొంతు సవరించుకుని ‘పోతది’ అనేవాణ్ని. వాళ్లు తలలు ఊపేవాళ్లు. సేటు చాయ్ తెప్పించేవాడు. పెద్దమ్మ వేడివేడి సర్వపిండి ఆకులో చుట్టి పంపించేది.

ఆ పెద్దమ్మకు ఒక కన్ను చిన్నప్పుడే పోయింది, వరికోతల్లో పరక గుచ్చుకుని. మిగిలిన కంట్లో శుక్లం ముదిరింది. కొడుకు లారీ మీద మహారాష్ట్ర వైపు వెళ్తే నెలకోసారి వస్తాడు. ఆపరేషన్‌కు ఒప్పించే పని కోడలి మీద పడింది. ఉన్నదొక్కటే, అది కూడా పోతే ఏం గావాలె అని పెద్దమ్మ మొండికేసేది. కోడలు బతిమిలాడి, అలిగి, చివరికి అన్నం మానేసి ఒప్పించింది. ఈ రోజు హన్మకొండలో ఒక కంటి దవాఖానలో ఆపరేషన్. ఆ సంగతి వారం కిందటే మాకు కూడా చెప్పింది. నేను విన్నాను. తల కూడా ఊపాను.

పొద్దున హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ తీస్తున్నాను. ఎదురింటి అరుగు మీద పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. ఒళ్లో సంచి ఉంది. నేను చూశాను. ఎక్కడికి అని అనుకోనైనా అనుకోలేదు. నా తల నిండా ఈ రాత్రి మొదలయ్యే కొత్త సీరియల్ ఉంది. దాని ప్రకటనలో హీరో ఆఫీసులో కూర్చుని ఉన్నాడు.

పెద్దమ్మ అడిగింది. “కొడుకా, ఇయ్యాల్టిది ఎట్లైతదంటవ్?”

“పోతది పెద్దమ్మా,” అన్నాను. ఈసారి పేరు నిలబెట్టుకోవాలని ఇంకొంచెం కలిపాను. “నెల గూడ ఆగదు.”

పైగా నవ్వాను. స్కూటర్ మీద వెళ్లిపోయాను.

మార్కెట్లో మిర్చి కుప్పల మధ్య తుమ్ముతూ ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. పొద్దుగాల పెద్దమ్మతోని ఏం చెప్పిన్రని అడిగింది. సీరియల్ గురించి చెప్పానన్నాను. పెద్దమ్మ అడిగింది సీరియల్ గురించి కాదు, ఆపరేషన్ గురించి అని మా ఆవిడ మెల్లగా అంది. అప్పుడు గుర్తొచ్చాయి ఆ ఉతికిన చీర, ఒళ్లో సంచి, వారం కిందట నేను ఊపిన తల. చుట్టూ అంత ఘాటులోనూ తుమ్ము ఆగిపోయింది.

నేను వచ్చేసరికి పెద్దమ్మ ఇంట్లో గల్లీ సగం కూర్చుని ఉంది. దవాఖానకు ఫోన్ చేద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నేను చెప్పిన మాట మీద చర్చ జరుగుతోంది. కిరాణం సేటు ఒక ఉపాయం కూడా కనిపెట్టాడు. నెల ఆగదన్నాడు కాబట్టి గండం నెల రోజులే, నెల దాటినాక చేయించుకుంటే సరిపోతుందట. ఇద్దరు ముగ్గురు అది బాగానే ఉందన్నారు. మంచం మీద ముసుగు కదలలేదు.

కోడలు నన్ను చూసి లేచింది. ఆమె అరిచి ఉంటే బాగుండేది.

“అన్నా, ఎంత బతిమిలాడి ఒప్పించుకున్ననో నీకెరుక. బండి మీద పోతపోత ఒక్క మాటతోని పడగొట్టినవ్.”

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. నేనన్నది సీరియల్ గురించి పెద్దమ్మా అన్నాను. ముసుగులోంచి జవాబు వచ్చింది. “నన్ను దవాఖానకు తోలనీకి గిట్లంటున్నవ్.”

“కాదు పెద్దమ్మా. నీ ఆపరేషన్ సంగతే నాకు యాదికి లేకుండె.”

“గల్లీల కుక్కకు గూడ యాదికున్నది.”

ఇక మొత్తం చెప్పక తప్పలేదు. ‘పోతది’కి రెండర్థాలున్నాయని, రెంటినీ వాడుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చానని, కాయా గింజా తాలూ అంతా ఉత్తదేనని అందరి ముందూ చెప్పాను. విచిత్రమేమంటే ఎవరూ నమ్మలేదు. సేటుకు కోపం కూడా వచ్చింది. ముసలామె కోసం నీ విద్యను నువ్వే తక్కువ చేసుకోవద్దన్నాడు. కావాలంటే కవల అక్కచెల్లెళ్ల సీరియల్‌నే తీసుకోమన్నాడు. అది నడుస్తుందని నేను చెబితేనే వాళ్లింట్లో మొదటి రోజు నుంచి చూశారట. టైలర్ భార్య అడ్డుపడింది. అది ఆగిపోతుందని నేను చెప్పబట్టే వాళ్లింట్లో అసలు ముట్టుకోలేదట, చెప్పినట్టే ఆగిపోయిందట. ఆగడమేంది, ఇప్పటికీ మధ్యాహ్నం పూట వస్తోంది కదా అని సేటు. రాత్రి పూట ఆగింది గదా అని ఆమె. నువ్వు ఏమన్నవో నువ్వే చెప్పన్నా అని ఇద్దరూ నా మీదికి తిరిగారు. ‘పోతది’ అన్నాను అన్నాను. అదే నేనంటున్న అని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

ముసుగు కాస్త పక్కకు జరిగింది. పెద్దమ్మ ఆ ఒంటి కన్నుతో, మసక మసకగానే, నన్ను వెతికి పట్టుకుంది.

“ఒక్క మాటకు రెండు దిక్కులా రా?”

“అవ్ పెద్దమ్మా.”

“ఎరుకుండే అన్నవా?”

“ఎరుకుండే అన్న.”

“అంటే నీకేం ఎరుక లేదన్నట్టు.”

“లేదు. సీరియల్ ఎరుక లేదు, కన్ను అసలే ఎరుక లేదు.”

ఆమె లేచి కూర్చుంది. కొంగు సర్దుకుని అంది, “మరి గా సర్వపిండ్లన్నీ ఎట్ల తిన్నవ్ రా?”

గదిలో ఎవరో నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెద్దమ్మ కాళ్లు కిందికి దించి చెప్పుల కోసం వెతుకుతుంటే చెప్పులు ఆమె ముందు పెట్టాను. కోడలు అప్పటికే దవాఖానకు ఫోన్ చేస్తోంది. త్వరగా వస్తే ఈ రోజే చేస్తామన్నారు. అయితే పెద్దమ్మ ఒక షరతు పెట్టింది. డాక్టర్ నోటితో తను వినాలి, నేను కూడా పక్కనే ఉండి వినాలి.

దవాఖానలో కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. డాక్టరు యువకుడు, తీరిక లేనివాడు. అతన్ని ఆపి, మా పెద్దమ్మ కంటికి ఏమవుతుందో ఆమెకు ఒక్క మాటలో చెప్పండి సార్ అని అడిగాను. ఒక్క మాటలో అని ఎందుకు అడిగానో నాకే తెలియదు. ఇంత జరిగినా బుద్ధి రాలేదు.

అతను నవ్వి, వంగి, ఆమె భుజం తట్టాడు. “పోతదమ్మా,” అన్నాడు.

పెద్దమ్మ లేచి నిలబడింది. కోడలు నెత్తి మీద చేయి పెట్టుకుంది. నేను డాక్టర్ చెయ్యి పట్టుకున్నాను. జీవితంలో నేను ఒక డాక్టర్ చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. “ఏం పోతది సార్, పూర్తిగా చెప్పండి,” అన్నాను.

అతను ఒకసారి నన్ను, ఒకసారి ఆమెను చూశాడు. “పొర పోతదమ్మా. చూపొస్తది. నాకు తెలిసినంతల నీ కన్ను మంచిగనే ఉన్నది.”

“ఏం పోతదో గిట్ల చెప్పాలె,” అని పెద్దమ్మ నాతో అంది. అతనితో కాదు. ఆ తర్వాత నర్సు చేయి పట్టుకుని లోపలికి వెళ్లింది.

బయట బల్ల మీద నేనూ కోడలూ కూర్చున్నాం. ఆమె పెద్దమ్మ సంచిని మా ఇద్దరి మధ్య పెట్టి అటు తిరిగి కూర్చుంది. ఇటు తిరగమని అడిగే మొహం నాకూ లేదు. ఇన్నేళ్లుగా నా జోస్యాలకు అందరూ తల ఊపుతుంటే, అందులో ఎవరు ఏ బరువుతో అడుగుతున్నారో ఒక్కసారి కూడా చూడలేదు. అడిగే మనిషి ముఖం చూసి ఉంటే పొద్దున ఆ సంచి కనిపించేది.

ఆపరేషన్ బాగా అయిందని చెప్పారు. రేపు కట్టు విప్పుతారు, కొన్నాళ్లు కంటికి అలసట ఇవ్వొద్దు, టీవీ సంగతి తర్వాత చూద్దామన్నారు. సాయంత్రం ఇంటికి తెచ్చాం. పెద్దమ్మ మంచం మీద కూర్చుని చాయ్ తాగుతుండగా గల్లీ మొదట్లోంచి ఏడుపు వినిపించింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఆమె తమ్ముడు, మరో ఇద్దరు బంధువులు. పొద్దున ఎవరో ఫోన్‌లో ‘పోతదంట, నెల గూడ ఆగదంట’ అని చెప్పారట. ఏది పోతుందో చెప్పలేదు. వాళ్లు ముసలామే పోతుందనుకుని రైలెక్కారు. కట్టుతో ఉన్న పెద్దమ్మ ఏడుపు విని, ఎవరు పోయిన్రే అని కోడలిని అడిగింది. గుమ్మంలో నిలబడి వాళ్లకు కూడా అంతా మొదటి నుంచి చెప్పాను. తమ్ముడు కళ్లు తుడుచుకుని, గింతేనా అన్నాడు. కొంచెం నిరాశపడినట్టు కూడా అనిపించింది.

కొత్త సీరియల్ వేళకు సేటు, టైలర్ భార్య వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. అలవాటు పోతుందా, ఇదెట్లుంటదన్నా అని సేటు అడగనే అడిగాడు. నాకెరుక లేదు అన్నాను. అతను ఇంకేదో అంటానని ఎదురుచూశాడు. నేను అనలేదు. అతనికి అది నచ్చలేదు.

కోడలిని అడిగి టీవీ పెట్టాను. డాక్టరు చూడొచ్చు అనేదాకా రోజూ ఈ వేళకు వచ్చి, తెర మీద కనిపించేది కనిపించినట్టు చెబుతానని పెద్దమ్మకు మాటిచ్చాను. ఆమె సరేనంది, కానీ కాయ, గింజ అంటే మాత్రం తంతానంది. మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాను.

“ఆఫీసు. ఒక పిలగాడు కుర్చీల కూసున్నడు. ఇగ బయట ఒకామె తలుపు దగ్గర నిలవడ్డది.”

“చీర ఏం రంగు?”

“పసుపు. అంచు ఎర్రగున్నది.”

“లోపలికొస్తదా?”

“ఎరుక లేదు పెద్దమ్మా. వస్తే చెప్త.”

కోడలు వంటింట్లోంచి ఒక చాయ్ తెచ్చి నా పక్కన పెట్టింది. నేను తెర మీదనుంచి కళ్లు తీయలేదు. పసుపు చీరామె ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది, అదే చెప్పాను.