లోపలి మడత

బడులు తెరవడానికి నెల ముందునుంచీ ఆ ఇంటి ముందుగదంతా నీలంరంగు గుడ్డతో నిండిపోతుంది. కుర్చీల మీద నీలం, కిటికీ కమ్మీల మీద నీలం, కాళ్లకు అడ్డం పడే కత్తిరింపులూ నీలమే. వానకు ముందు ఆకాశం దారి తప్పి ఇంట్లోకి వచ్చి, ఎటు పోవాలో తెలియక ఆగిపోయినట్టుంటుంది. ఆ నీలం మధ్య చెక్కపీట మీద నిలబడి గుడ్డ కత్తిరించే మనిషిని పిల్లలు బుడ్డక్క అంటారు.

ఆమెకు ముప్పై దాటాయి. ఏడో తరగతి పిల్లలు ఆమెను దాటిపోతారు. మెడ పొట్టి, జుట్టు మెడ మీదికి బాగా కిందిదాకా దిగి ఉంటుంది. పీట ఎక్కితే తప్ప బల్ల అందదు. కానీ కత్తెర చేతికి వచ్చిందంటే గుడ్డ తనంతట తానే విడిపోతున్నట్టు ఉంటుంది. బుడ్డక్క అంటే కోపం రాదా అని ఎవరైనా అడిగితే, "పొట్టి మనిషికి పొట్టి పేరు, పిలిచేవాళ్ల నోటికి శ్రమ తక్కువ," అంటుంది.

ఆమె వెనక, కిటికీ పక్కన కూచుని గుండీలు కుట్టేది అమ్మ. ఒకప్పుడు మిషను ఆమెదే. మోకాళ్లు మొరాయించాక కూతురికి వదిలేసింది.

ఆ ఇంట్లో రెండు పద్ధతులున్నాయి, రెండూ అమ్మ పెట్టినవే. ఒకటి కొలతల పుస్తకం. పిల్లకో పేజీ, ఏడాదికో వరుస. పేజీని పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే ఒక మనిషి పెరగడం కనిపిస్తుంది. రెండోది మడత. గౌను అంచు లోపల మూడు వేళ్ల వెడల్పున గుడ్డ మడిచి కుడతారు. మరుసటేడు పిల్ల పెరిగితే కుట్టు విప్పి దించుకోవచ్చు. మిగతా కొట్లవాళ్లు ఆ గుడ్డ మిగుల్చుకుంటారు.

బుడ్డక్కకూ ఆ పుస్తకంలో ఒక పేజీ ఉంది.

నాలుగేళ్ల కిందట ఆమె పీట మీదనుంచి జారింది. జారింది జానెడు ఎత్తునుంచే, కానీ మణికట్టు విరిగింది. ఇంత చిన్న దెబ్బకు ఎముక ఎందుకు విరిగిందని డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. నెలసరి ఎప్పుడూ రాలేదని తెలిశాక రక్తం తీయించింది. మూడు వారాల తర్వాత తలుపు దగ్గరికి వేసి మెల్లగా చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ క్రోమోజోములు ఉంటాయి. ఆడపిల్లలకు వాటిలో ఎక్స్ అనేవి రెండు ఉండాలి, నీకు ఒకటే ఉంది. దీన్ని టర్నర్ సిండ్రోమ్ అంటారు. అందుకే ఎత్తు రాలేదు, అండాశయాలు పనిచేయలేదు, ఎముకలు గుల్లబారాయి. గుండె కూడా చూపించుకోవాలి.

"రెండోది ఎక్కడ పోయింది డాక్టరమ్మా?"

"పోలేదమ్మా. మొదట్నుంచీ లేదు. ఎవరి తప్పూ కాదిది. చిన్నప్పుడే తెలిసుంటే సూదిమందుతో కొంత ఎత్తు వచ్చేది, ఈడు వచ్చేవేళకే మాత్రలు మొదలుపెట్టేవాళ్లం. ఇప్పుడైనా మాత్రలు వేసుకుంటే ఎముకలు నిలబడతాయి. చిన్నప్పటి ఎత్తులు ఎక్కడైనా రాసి ఉన్నాయా?"

ఉన్నాయి మరి. ఆమె గొప్పగా కొలతల పుస్తకం పట్టుకెళ్లింది. డాక్టరమ్మ ఆ పేజీ చూసి నొసలు ముడిచింది. గౌను పొడవు ఏడాదికి ఒక అంగుళం చొప్పున, పద్నాలుగో ఏటిదాకా, మెట్లు కట్టినట్టు. "ఈ లెక్కన బాగానే పెరిగావే!"

ఆ మధ్యాహ్నం బుడ్డక్క పెట్టె అడుగునుంచి తన పద్నాలుగో ఏటి గౌను తీసి, బ్లేడుతో అంచు కుట్టు విప్పింది. మూడు వేళ్ల మడత కాదది. మడత లోపల మడత, దాని లోపల ఇంకో మడత. పుస్తకంలో రాసిన, ఒంటికి రాని అంగుళాలన్నీ అక్కడున్నాయి, ఎండ చూడని ముదురు నీలంలో. గౌను మళ్లీ పెట్టెలో పెట్టేసింది. అమ్మను ఏమీ అడగలేదు. నాలుగేళ్లుగా పొద్దున్నే మాత్ర వేసుకుంటూనే ఉంది. అమ్మ నీళ్లగ్లాసు అందిస్తూనే ఉంది. ఇద్దరూ మాట్లాడుకోని మాట ఒకటి ఆ ఇంట్లో మూడో మనిషిలా మసలుతూనే ఉంది.

ఆ నాలుగో ఏడు, బస్సు కండక్టరమ్మ తన కూతుర్ని గౌను కొలతకు తీసుకుని వచ్చింది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, సంచీ భుజాన్నే ఉంది.

"ఏం బుడ్డక్కా, నీకింకా అర టికెట్టేనా?"

"నువ్వు కొట్టాలే గాని వదినా, రోజంతా నీ బస్సులోనే తిరుగుతా."

బెంచీ మీద వంతుకోసం కూచున్న ఆడవాళ్లు నవ్వారు. బుడ్డక్క పీట దిగి పాప భుజం మీద టేపు ఆనించి మోకాలిదాకా వదిలింది. అంకె చూసింది. పుస్తకం తెరిచింది. మళ్లీ కొలిచింది. రెండేళ్లకు కలిపి పావు అంగుళం. పాప జడ పక్కకు తీసింది. వెంట్రుకలు మెడ మీదికి బాగా కిందిదాకా దిగి ఉన్నాయి. తనకున్నట్టే.

అమ్మ గుండీ కుడుతూనే, తలెత్తకుండా అంది. "ఒక అంగుళం ఎక్కువ రాసెయ్యవే. పెరిగే పిల్ల."

ఎంత మామూలుగా అంది! బుడ్డక్క కలం పక్కన పెట్టింది. ఆ అంగుళం రాస్తే అందరూ సుఖంగా ఇంటికి పోతారు, ఆ పిల్ల తప్ప.

"వదినా, ఇటు రా ఒకసారి."

వంటగది గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పేజీ చూపించింది. "రెండేళ్లలో ఎదగలేదు చూడు. పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించు."

"మా ఇంట్లో అందరూ పొట్టే. నేనేమన్నా తాటిచెట్టునా?"

"నువ్వు నాకంటే జానెడు పొడుగున్నావు. కొన్నిటికి వయసు దాటితే మందుండదు వదినా. నాకు దాటిపోయింది."

కండక్టరమ్మ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "అంటే? నీకున్నదే నా పిల్లకూ ఉందంటావా?"

"ఉందనట్లేదు. లేదని డాక్టరుతో అనిపించుకో."

"గుడ్డ కొలవమని వచ్చాను గాని, పిల్లను కొలవమని రాలేదు." గొంతు బెంచీదాకా వినిపించింది. "నీ గీత నా బిడ్డకు అంటగట్టకు!"

గుడ్డ మూట లాక్కుని, పాప రెక్క పట్టుకుని వెళ్లిపోయింది. మలుపు తిరిగేదాకా పాప వెనక్కి చూస్తూనే ఉంది. బెంచీ మీదివాళ్లలో ఒకామె పని గుర్తొచ్చినట్టు లేచింది. ఆమె వెనకే మరొకామె.

గది ఖాళీ అయ్యాక అమ్మ అంది. "నోరు ఊరుకోదు కదా నీకు."

"నీ నోరు ఊరుకుంది కదమ్మా. ఏమైంది?"

అమ్మ చేతిలో సూదినుంచి దారం జారింది.

"ఆ గౌను విప్పి చూశానమ్మా. నాలుగేళ్లయింది. ఏడాదికో అంగుళం ఎందుకు రాశావు?"

అమ్మ దారం మళ్లీ ఎక్కించబోయింది, అందలేదు. "నీ చిన్నప్పుడు బడికొచ్చిన డాక్టరు చీటీ ఇచ్చాడు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని. తీసుకెళ్తే ఏదో పేరు పెడతారు. పెట్టాక ఇక తీయరు. నాకు భయమేసింది." మాట సన్నబడింది. "రాస్తే పెరుగుతావేమో అనుకున్నానే. పిచ్చిదాన్ని."

కోపం వచ్చినా బాగుండేది. అది కూడా ఎక్కడో మడతల్లో ఉండిపోయింది. అమ్మ చేతిలోంచి సూది తీసుకుని, చూపు ఆనక ఆమె ఎక్కించలేకపోతున్న దారం ఎక్కించి ఇచ్చింది.

ఆ ఏడు ముందుగదిలో నీలం తగ్గింది. అక్కడికెళ్తే పిల్లలకు లేని రోగాలు అంటగడతారని వీధిలో మాట పుట్టింది. కండక్టరమ్మ బస్సు ఎదురైతే బుడ్డక్క తర్వాతి బస్సు ఎక్కేది.

మళ్లీ బడులు తెరిచే రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం గుమ్మంలో కండక్టరమ్మ, పక్కన పాప. బుడ్డక్కను చూడకుండా నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లింది.

"పిన్నీ, కొత్త కొట్లో కుట్టించింది పొట్టయిపోయింది. లోపల గుడ్డే వదల్లేదు వాళ్లు. అంతకుముందు మీరు కుట్టింది దాచాను. అంచు దించుతారా?"

అమ్మ గౌను అందుకుని కూతురివైపు చాచింది.

బుడ్డక్క పీట దిగింది. టేపు వదిలింది. పోయినేటికంటే అంగుళమున్నర ఎక్కువ. నమ్మకం కుదరక రెండోసారి కొలిచింది. అదే అంగుళమున్నర.

"రోజూ సూదే, బుడ్డక్కా," పాప గుసగుసగా చెప్పింది. "నేనే పొడుచుకుంటా. మొదట్లో ఏడ్చేదాన్ని."

కండక్టరమ్మ కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. "గుండె కూడా చూశారు," అంది, కిటికీ కమ్మీలతో చెబుతున్నట్టు. "ఏటా చూపించాలంట." "నీకు చూశారా?" అంది.

"చూశారు వదినా. నన్నూ ఏటా రమ్మన్నారు."

బుడ్డక్క బ్లేడుతో కుట్టు విప్పింది. లోపలి గుడ్డ బయటికి వచ్చింది, కొత్తగా, ముదురుగా. పాత మడత పడిన చోట తెల్లటి గీత. ఇస్త్రీపెట్టె ఎన్నిసార్లు అదిమినా ఆ గీత పోలేదు.

కొత్త అంచు కుట్టి, పాపకు తొడిగి, సరిచూడ్డానికి ఎదురుగా నిలబడింది. పోయినేడు పాప తల ఆమె భుజం దగ్గర ఉండేది. ఇప్పుడు గడ్డందాకా వచ్చింది. ఇంకో నాలుగేళ్లకు దాటిపోతుంది.

వెనక అమ్మ కొలతల పుస్తకం తెరిచి, కళ్లజోడు సర్దుకుని, కలం పట్టుకుని కూచుంది.

"ఎంతే?" అంది.

బుడ్డక్క టేపు మీద అంకె పైకి చదివింది. అమ్మ అదే రాసింది.