నీతీ రేటూ ఒకే కారులో వచ్చిన రోజు

ఆ రోజుల్లో నీతి అనేది పుస్తకాల్లోనూ పెద్దవాళ్ళ నోళ్ళలోనూ ఉంటుందని అనుకునేవాణ్ణి. అది కారెక్కి, సీసా నీళ్ళు చేత పట్టుకుని, గోరంట్ల రోడ్డు మీద మా రేకుల షెడ్డు ముందు దిగుతుందని ఊహించలేదు. ఈ సంగతి రాసిపెట్టాలని ఇన్నేళ్ళూ తోచలేదు కానీ, మొన్న బెంగళూరులో ఒక పెద్ద బట్టల అంగడిలో చొక్కా మెడకు వేలాడే అట్ట మీద ‘ఇది నీతిగా కుట్టిన చొక్కా’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు కనబడింది. మా మేనకోడలు ఆ అట్టను అటూ ఇటూ తిప్పి, "మామా, నీతిగా కుట్టడమంటే ఎట్ల కుడతారు?" అని అడిగింది. అంగడి పిల్లవాడికి తెలియదు. (కంప్యూటరులో చూసి చెబుతానన్నాడు.) నాకు తెలుసు. నీతి తయారవుతుంటే దగ్గరుండి చూసినవాణ్ణి. చూసినవాళ్ళు రాయకపోతే రేపు ఆ అట్టలే చరిత్ర అయిపోతాయి.

వానలు వరుసగా మొగం చాటేసిన ఏళ్ళవి. శెనక్కాయ చేలు పూతకు రాకముందే మాడిపోతే, చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు ఆటోలెక్కి మా గార్మెంట్స్‌కు వచ్చేవాళ్ళు. మా అక్క అక్కడ చొక్కాలకు కాలర్లు కుట్టేది. నేను చెకింగ్ టేబుల్ దగ్గర మిగిలిన దారాలు కత్తిరించేవాణ్ణి. పదో తరగతితో బడి నన్ను వదిలేసినా, శాఖా గ్రంథాలయాన్ని నేను వదల్లేదు. అందులోని పుస్తకాలన్నీ, చెదలు మిగిల్చినంత మేరకు, చదివేశాను. అందుకని అందరూ నన్ను ‘లైబ్రరీ’ అని పిలిచేవాళ్ళు. అది ఎగతాళి అని తెలుసుకోవడానికి నాకు ఇంకా కొన్ని పుస్తకాలు పట్టాయి.

షెడ్డుకు పైన రేకులు, కింద ఇస్త్రీ పెట్టెల ఆవిరి, నడుమ మనుషులు. ఆ ఎండాకాలం మా అక్క కళ్ళు తిరిగి మిషను మీదే వాలిపోయింది. మొగాన నీళ్ళు చల్లితే లేచి, కాలర్ మీద మరక పడిందేమో చూసుకుని, ఆ తర్వాత మేనేజరుతో, "సారూ, మా లైన్లో ఫ్యాను పెట్టియ్యండి. ఇంగేమీ అడగను" అంది. మేనేజరు మంచివాడే. ఎవరేమడిగినా "రాసుకున్నా" అనేవాడు. (ఎక్కడ రాసుకునేవాడో ఎవరూ చూడలేదు.)

ఇంతలో మా చొక్కాలు కొనే పైదేశపు కంపెనీ నుంచి కబురొచ్చింది. పనివాళ్ళను మనుషుల్లాగా చూస్తున్నామో లేదో చూసి పోవడానికి మనుషులొస్తున్నారు. వాళ్ళ నియమాలు తెలుగులో గోడ మీద రాయించాలట. ఫ్యాక్టరీలో తెలుగంటే నేనే కదా! నిచ్చెన వేసుకుని, గ్రంథాలయంలో గడించినదంతా గోడ మీద కుమ్మరించాను. ‘కార్మికుల దేహతాపోపశమనార్థము సముచిత వాయుప్రసరణము కల్పింపబడును’ అని నీలం రంగుతో రాసి దిగాక అక్క చూసింది.

"ఏమిరా ఇది, తద్దినం మంత్రం మాదిరి ఉండాది?"

"ఉక్క పోయకుండా గాలి ఆడాలని అక్కా."

"ఆ మాటే రాస్తే ఏం పాయె?"

"గోడకు ఒక గౌరవం ఉండద్దా?"

"గోడకు గౌరవం, మాకు సెమటా!" అని, అక్క మిగతా ఆడవాళ్ళందరినీ పిలిచి ఆ వరుస చూపించింది. "ఇదో, ఇది గాలంట. మనకు రావాల్సిన గాలి. ఆ పైదేశమోళ్ళే రాసినారంట." ఆ రోజు నుంచి ఎవరికి ఉక్కపోసినా తలెత్తి నా వాక్యం వైపు చూసేవాళ్ళు. నా రచనకు అంతమంది పాఠకులు మళ్ళీ దొరకలేదు.

తనిఖీకి ముందురోజు సాయంత్రం నిజంగానే ఫ్యాన్లు దిగాయి. నిలబెట్టే పెద్ద ఫ్యాన్లు. దించినవాడు మా షామియానా చిన్నాయన, పెండ్లిండ్లకు సామాన్లు బాడుగకిచ్చే ఆయన. ఒక్క పూటకు మాత్రమే మాట్లాడుకున్నారు. ఫ్యాన్లతోపాటు ఎర్ర తివాచీ, వచ్చినవాళ్ళకు సింహాల తలలున్న కుర్చీలు రెండు కూడా వచ్చాయి. (వధూవరుల కుర్చీలవి.) మేనేజరు లైన్ల మధ్య తిరుగుతూ, "రేపు అందరూ కళకళలాడుతా రావల్ల. పాత చీరలు కట్టుకోని వచ్చినారంటే ఊరుకోను" అన్నాడు.

చెప్పాల్సిన పనే లేదు. మా వైపు తినడానికి లేకపోయినా, ఇంటికొచ్చినవాళ్ళ ముందర చినిగిన చీరతో నిలబడరు. తెల్లవారి చూస్తే లైన్లన్నీ ధర్మవరం పట్టు. పెండ్లి చీరలు కొందరివి, వదినల చీరలు కొందరివి, మెడలో గిల్టు హారాలు, తలలో కనకాంబరాలు. కనకాంబరాలు మిషన్ల మీద రాలుతుంటే, ఫ్యాన్ల గాలికి చొక్కాలకు ఇంకా కుట్టని చేతులూ జేబులూ షెడ్డంతా ఎగురుతుంటే, మా గార్మెంట్స్ అచ్చం పెండ్లిమంటపమే.

కారులోంచి ఇద్దరు దిగారు. ఒకావిడ నీతి చూసే ఆవిడ. వెనక సీట్లోంచి దిగిన ఆయన రేటు చూసే ఆయన, అంటే చొక్కాకు ఎంతియ్యాలో తేల్చే మనిషి. పుట్టపర్తికి పోయే దారి కాబట్టి తెల్లవాళ్ళు మాకు కొత్త కాదు గానీ, ఇలా జంటగా పని పంచుకుని వచ్చినవాళ్ళను అప్పుడే చూశాం. నీతి మేడం గోడను ఫోటో తీసింది, ఫ్యాన్లను తీసింది, ఫ్యాను ముందు పమిట ఎగురుతున్న మా అక్కను తీసింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. రేటు సారు మాత్రం ఫోటోలు తీయలేదు. అక్క చీర అంచును దూరం నుంచే పరీక్షగా చూసి, ఇది ఎంత అని నన్నడిగాడు. దుబాసీని నేనే. (నేను చదివినంత ఇంగ్లీషు మాట్లాడలేను, మాట్లాడినంత వినలేను. అయినా ఈ ప్రశ్న అర్థమైంది.)

"అక్కా, నీ చీర ఎంత అంటాండాడు."

"వదినది రా ఇది. చెప్పు, తక్కువ మాత్రం చెప్పొద్దు. మన పరువు పోతాది."

ఊరి పరువు కోసం నేనింకాస్త పెంచి చెప్పాను. రేటు సారు ఈల వేశాడు. నేను పొంగిపోయాను.

మధ్యాహ్నం సింహాల కుర్చీల్లో కూర్చుని ఇద్దరూ తేల్చేశారు. నీతి మేడం, ఇంత సంతోషంగా ఉన్న పనివాళ్ళను ఎక్కడా చూడలేదు, ఫ్యాక్టరీ పాసు అంది. రేటు సారు, పనివాళ్ళే పట్టు కడుతున్నారంటే మీకు బాగా మిగులుతోందని అర్థం, కాబట్టి చొక్కా రేటు తగ్గించాల్సిందే అన్నాడు. మా ఓనరు మొగం అప్పుడు ఇస్త్రీ పెట్టె కింద పెట్టిన బట్టలా అయింది. కారు పోయాక ఆయన మేనేజరుతో అన్న మాట నాకిప్పటికీ వినబడుతుంది: "రేటు కోసినారల్లప్పా, ఇంక గాలి యాడనుంచి తెస్తాం? ఫ్యాన్లు పంపించెయ్."

చిన్నాయన వ్యాను వచ్చింది. మొదటి ఫ్యాను ప్లగ్గు పీకబోతే అక్క అడ్డం నిలబడింది. వెనక లైన్లన్నీ మిషన్లు ఆపేశాయి.

"సారూ, ఆ యమ్మ ఫోటో తీసుకోని పాయె. ఫోటోలో ఫ్యానుండాది, దాని ముందర నేనుండా. మళ్ళా వచ్చి చూస్తే ఇద్దరమూ ఉండల్ల కదా? ఫ్యాను పోతే నేనూ పోతా. ఈ పట్టుచీరలన్నీ నాతోనే వస్తాయి."

చొక్కాలు లారీకెక్కాల్సిన వారమది. మేనేజరు మొదటిసారి "రాసుకున్నా" అనలేదు. అప్పుడు చిన్నాయన మధ్యలోకొచ్చాడు. "ఏమప్పా, ఇంతమాత్రానికి కొట్లాడుకుంటారా? నా గోడౌన్లో ఎలుకలు వైర్లు కొరికేస్తాండాయి. ఫ్యాన్లు ఈడనే పెట్టుకోండి, బాడుగ వద్దు. పెండ్లి ఉంటే తీసుకపోతా, అయినాక తెచ్చిస్తా." ఎవరికీ ఖర్చు లేని నీతి కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

తర్వాత తెలిసింది. పెండ్లి ముహూర్తాలన్నీ ఎండాకాలంలోనే ఉంటాయి. వైశాఖంలో రేకులు కాగుతుంటే మా గాలి గోరంట్లలో పెండ్లికొడుకుల మీద వీచేది. ముహూర్తాల్లేని ఆషాఢంలో ఫ్యాన్లన్నీ భద్రంగా మా దగ్గరే ఉండేవి, రేకులు లేచిపోయేంత గాలి బయట ఊరికే కొడుతుండగా. ఆడవాళ్ళు పంచాంగం చూసి, "రేపు మంచి రోజంట, తడిగుడ్డ తెచ్చుకోండి" అని చెప్పుకునేవాళ్ళు. అయినా ముహూర్తం లేని నాలుగు రోజులు దొరికినప్పుడల్లా అక్క ఫ్యానుకెదురుగా కూర్చుని కాలర్లు కుట్టేది. మళ్ళీ ఎప్పుడూ కళ్ళు తిరిగి పడలేదు.

ఇది రాయడానికి తోడ్పడినవాళ్ళకు దండాలు. చదువుకోవడానికి కిటికీ పక్క కుర్చీ వదిలిన గ్రంథాలయం అయ్యవారికి, మరిచిపోయినవి గుర్తుచేసిన మేనేజరు సారుకు, ఎలుకలకు భయపడిన షామియానా చిన్నాయనకు, కళ్ళు నిజంగానే చెమర్చిన నీతి మేడానికి. ఆఖరుగా మా అక్కకు. షెడ్డు మూతపడి చాలా ఏళ్ళయింది. పోయిన నెల ఒక పెండ్లిలో ఆమె నేరుగా పోయి ఒక పాత ఫ్యానును తనవైపు తిప్పుకుని, గొణిగినవాళ్ళతో, "ఇది మా లైన్‌ది లెండి" అంది. గోడ మీది నా నీలం వాక్యమే ఆ గాలి తెచ్చిందని చాలాకాలం నమ్మిన నేను, ఆమె వెనక కుర్చీలో కూర్చుని, మిగిలిన గాలి తగిలించుకున్నాను.