కారు కింద కాత్యాయని

పాండురంగారావు ఆ కారుని కోరి తెచ్చుకోలేదు. బావమరిదికి ఉత్తరాదికి బదిలీ అయితే, "ఇక్కడ వదిలేస్తే తుప్పు పట్టిపోతుంది, మీరు వాడుకోండి బావా" అంటూ ఎనభై నాలుగు వేసవిలో తోలుకొచ్చి, నూజివీడులో వాళ్ళ పెరట్లో పెట్టి వెళ్ళిపోయాడు. పాత ఆకుపచ్చ కారు. రెండే తలుపులు. మరీ పొట్టిది కావడంతో ఎక్కితే పీట మీద కూర్చున్నట్టుండేది. పాండురంగారావేమో తాలూకాఫీసులో హెడ్‌గుమాస్తా, భారీ మనిషి. ఆయన అందులోంచి దిగాలంటే ముందు కాళ్ళు బయటపెట్టి, తలుపు పట్టుకుని, ఒకసారి దేవుణ్ణి తలుచుకుని లేవాల్సి వచ్చేది. భార్య కాత్యాయని బాలికల హైస్కూల్లో లెక్కల టీచరు. సన్నగా, చురుగ్గా ఉండేది. ఆవిడకి ఆ కారంటే మొదటిరోజు నుంచే ఇష్టం.

ఆగిరిపల్లి దగ్గర వాళ్ళకి నాలుగెకరాల చిన్నరసాల తోట ఉంది. కాపు చూసొద్దామని ఆ ఆదివారమే బయల్దేరారు. తోటదారిలో మామిడికాయల బళ్ళు తిరిగి తిరిగి రెండుపక్కలా చక్రాల గాడులు పడి, నడిమధ్య నేల ఉబ్బెత్తుగా మిగిలింది. ఎత్తు బండ్లకి అదో లెక్క కాదు. ఈ కారుకి మాత్రం కడుపు నేలకి రాసుకుంది. అడుగున ఏదో గీరుకున్న చప్పుడు, ఆ వెంటనే చెట్ల మీది కాకులన్నీ లేచిపోయేంత మోత. సైలెన్సర్ ఊడి ఒకవైపు వేలాడుతోంది. కంచె తీగ ముక్కతో దాన్ని ఎలాగో కట్టుకుని, దారిపొడుగునా జనం తిరిగి తిరిగి చూస్తుంటే ఇంటికొచ్చారు.

ఊళ్ళో మెకానిక్ శౌరి దగ్గరికి వెళితే, అతను లారీ ఇంజన్‌లోంచి తల కూడా బయటపెట్టలేదు.

"మామిడి లారీలు వరసలో ఉన్నాయండి రావుగారూ. నెలాఖరు దాకా నాకు అన్నం తినే తీరిక కూడా లేదు. పట్టీ ఊడుంటది, కొత్తది బిగించుకుంటే సరిపోద్ది. మీరే చేసుకోవచ్చు," అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, చేతులు తుడుచుకుంటూ లేచొచ్చాడు. "ఒక్కమాట. జాకీని నమ్మి మాత్రం కిందకి దూరకండి. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు."

మర్నాడు సెలవు పెట్టి పాండురంగారావు పనికి దిగాడు. కారు ఎంత పొట్టిదంటే అసలు జాకీయే కిందకి పట్టలేదు. ఆలోచించి, ముందుచక్రాలని రెండు మందపాటి పలకల మీదికి ఎక్కించాడు. అప్పుడు జాకీ దూరింది. పైకెత్తి, శౌరి చెప్పాడు కదా అని అటూ ఇటూ ఇటుకలు పేర్చి, కారుని వాటి మీదికి దించాడు. చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని జరిగాడు. తల వెళ్ళింది, భుజాలు వెళ్ళాయి. పొట్ట దగ్గర ఆగిపోయాడు.

అరుగు మీద పేపర్లు దిద్దుకుంటున్న కాత్యాయని కలం పక్కన పెట్టింది.

"మీరు లేవండి. నేను దూరతాను."

"నువ్వా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"మిమ్మల్ని ఇలా చూసి ఏమనుకుంటారో అదే అనుకుంటారు. లేవండి."

"వద్దన్నానా? మసి, నూనె, అదంతా నీవల్ల కాదు."

"మా ఇంట్లో గోడగడియారం విప్పి బాగుచేసిందెవరు? కుట్టుమిషను ఆగిపోతే చూసేదెవరు?"

ఆయన బయటికి జరిగొచ్చి, కూర్చుని, ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. ఇంతలో టపటపమని చప్పుడైంది. ఎడమవైపు ఇటుకల దొంతర పిండి పిండై, కారు ఒక పక్కకి ఒరిగి నేలకి ఆనింది. ఇందాక ఆయన తల ఉన్నది సరిగ్గా అక్కడే. చాప అంచు దాని కింద ఇరుక్కుపోయింది.

ఆయన ఆ అంచు పట్టుకుని లాగి చూశాడు, రాలేదు. తర్వాత ఆయన లేచి, అన్నం కూడా తినకుండా సైకిలెక్కి సామిల్లుకి వెళ్ళాడు. అక్కడ మామిడికాయల పెట్టెలకి చెక్కలు కోస్తున్నారు. మేస్త్రీ నరసింహులు సంగతంతా విని, పెట్టెలచెక్క పనికిరాదన్నాడు. "మామిడిచెక్క మెత్తన అండి. బరువు పడితే నలిగిపోద్ది. చింతమొద్దులు తీసుకెళ్ళండి. మాంసం కొట్టేవాళ్ళు ఏళ్ళతరబడి దానిమీదే కత్తేస్తారు, చెక్కుచెదరదు." పైనా కిందా చదునుగా కోయించిన ఎనిమిది మొద్దులు రిక్షాలో ఇల్లు చేరాయి.

ఈసారి పని పద్ధతిగా జరిగింది. చేతిబ్రేకు వేసి, వెనకచక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టాడు. జాకీతో ఎత్తి, మొద్దులని ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా రెండుపక్కలా పేర్చి, కారు బరువంతా వాటి మీదికి దించాడు. ఆపైన ఒళ్ళంతా బలం చేసుకుని కారుని నాలుగువైపులా ఊపాడు. అది కదల్లేదు. ఇంకోసారి ఊపాడు. కాత్యాయని భర్త పైజమా, పొడుగుచేతుల చొక్కా వేసుకుని, జడ చుట్టి తువ్వాలు కట్టుకుని నిలబడి ఉంది.

"అయిందా మీ కుస్తీ?" అంది నవ్వుతూ.

ఆవిడ ఒక్క జరుగులో లోపలికెళ్ళిపోయింది. బయట పాదాలు రెండే కనిపిస్తున్నాయి. పాండురంగారావు పక్కన చతికిలబడి, ఒక చేత్తో పానాలు అందిస్తూ, రెండో చెయ్యి ఆవిడ పాదం మీద వేసి కూర్చున్నాడు. నిమిషానికోసారి "కాత్యాయనీ!" అని పిలిచేవాడు.

"ఎక్కడికి పోతానండీ? అరంగుళం పానా ఇవ్వండి."

గంటలో పట్టీ బిగిసింది. ముఖంనిండా మసితో బయటికొచ్చిన ఆవిడ కళ్ళు మెరిసిపోతున్నాయి. పెళ్ళై పదహారేళ్ళయినా ఆమెని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదనిపించింది ఆయనకి. ఇంజనీరింగ్ చదువుతానంటే తండ్రి ఒప్పుకోలేదని ఏదో మాటల్లో ఒకసారి చెప్పి ఊరుకుంది. అప్పుడు తను విని ఊరుకున్నాడు. ఆ సాయంత్రం అది గుర్తొచ్చి ఆయనకి మనసు అదోలా అయింది.

అప్పట్నించి నెలకోసారైనా కారు మొద్దులెక్కేది. ఆయిలు మార్చడం, బ్రేకులు సరిచేయడం, గ్రీజు పెట్టడం ఆవిడ ఒక్కొక్కటే నేర్చుకుంది. ఎదురింటి అమృతమ్మగారు మొదట్లో, "ఇదేం విడ్డూరమే కాత్యాయనీ, పైజమా ఏంటి, నేలమీద ఆ పొర్లడమేంటి?" అని ముక్కున వేలేసుకునేది. మూడునెలలు తిరక్కుండా తన మిక్సీ పట్టుకుని వచ్చి, "ఇది కాస్త చూసిపెట్టవే" అని అరుగు మీద కూర్చుంది.

ఎనభై ఏడు జూలైలో ఒక ఆదివారం. మబ్బు కమ్ముకొస్తోంది. గేరుపెట్టె కింద ఆయిలు కారుతోందని కారెత్తారు. మొద్దులు పేర్చాడు గానీ, వాటికీ కారుకీ మధ్య వేలెడు సందుంది. చినుకులు మొదలయ్యాయి. దించి, ఊపి చూసేసరికి వాన ముంచుకొస్తుందనుకున్నాడు పాండురంగారావు. "కానీ, దూరు, దూరు" అన్నాడు.

ఆవిడ వెళ్ళిన రెండు నిమిషాలకి జాకీ వాషరు తెగి, లోపలి నూనె చివ్వున చిమ్మింది. కారు ధబ్బున మొద్దుల మీద కూర్చుంది.

ఆయన ఆవిడ పాదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. చేతికింద పాదం కదిలింది. కాత్యాయని నెమ్మదిగా జరుగుతూ బయటికొచ్చి కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది. జాకీ వైపు, మొద్దుల వైపు చూసింది.

"దించలేదా?"

"లేదు."

"ఊపలేదా?"

"లేదు కాత్యాయనీ. వానొస్తోందని..."

ఇక ఆయనవల్ల కాలేదు. వానలో అలాగే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆవిడ లేచింది. లోపలికెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. రెండురోజులు వేళకి వడ్డించింది, మాట మాత్రం లేదు. ఆయనకి జ్వరం తగిలింది. మూడోరోజు, "ఆ కారు అమ్మేద్దాం. నాకు ధైర్యం లేదు," అన్నాడు దుప్పటిలోంచి.

"కారేం చేసింది? తొందర మనది. అమ్మాల్సింది తొందరని," అని, ఆవిడ సుద్దముక్క తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ప్రహరీగోడ మీద గుండ్రటి టీచరు అక్షరాలతో నాలుగు వరసలు రాసింది. నేల చదునుగా ఉందా? వెనకచక్రాలకి రాళ్ళు పెట్టారా? మొద్దుల మీదికి దించారా? ఊపి చూశారా?

"ఇక ప్రతిసారీ ఇవి పైకి చదవాలి. నేను అవునని చెప్పాకే దూరేది."

ఆయన చదివేవాడు. పూజకి కూర్చున్నవాడు సంకల్పం చెప్పినట్టు, ఒక్కో వాక్యానికీ ఆగి మరీ చదివేవాడు. అమృతమ్మగారు ఎదురింట్లోంచి "కార్యక్రమం మొదలైందర్రా" అని నవ్వేది.

జాకీ బాగుచేసిచ్చిన శౌరి ఒకరోజు ఆ గోడ చూశాడు. నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు.

"మేడంగారూ, ఇవి మా షెడ్డులో కూడా రాసిపెడతారా? నేను చెప్తే మావాళ్ళు చెవిన పెట్టరు. గోడమీద ఉంటే వింటారేమో."

మరుసటి ఆదివారం ఆవిడ తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని వెళ్ళింది, పాండురంగారావు స్టూలు మోశాడు. రాయడం అయ్యాక అక్కడ ఆగి ఉన్న లారీ వైపు చూస్తూ, "ఒక్కసారి దీని అడుగు చూడొచ్చా శౌరీ?" అంది. శౌరి పక్కకి తప్పుకున్నాడు. లారీ ఎత్తుది కదా, వంగితే పాండురంగారావూ పట్టాడు. ఆ గొట్టమేంటో, ఈ కమాను దేనికో ఆవిడ చెప్తుంటే, పక్కనే కూర్చుని శ్రద్ధగా విన్నాడు. సగం అర్థం కాలేదు. అయినా లేవబుద్ధి కాలేదు.

ఎనభై తొమ్మిదిలో ఆయనకి మైలవరం బదిలీ అయింది, ఆవిడా అక్కడి స్కూలుకే వేయించుకుంది. కారుని జి. కొండూరు రైతు ఒకాయన తీసుకున్నాడు. దాని జబ్బులన్నీ ఆయనకి గంటసేపు చెప్పి గానీ కాత్యాయని తాళంచెవి ఇవ్వలేదు. మైలవరం బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంటే, పాండురంగారావు ఊరుకోబెట్టలేదు, చెయ్యి మాత్రం పట్టుకున్నాడు.

కొత్త స్కూల్లో చేరిన పదోరోజు మధ్యాహ్నం ఆయన క్యారియర్ తీసుకెళితే, స్టాఫ్‌రూములో ఆవిడ లేదు. నీళ్ళ మోటారు పాడైందని, దాన్ని విప్పుకుని నూతి దగ్గర కూర్చుందని చెప్పారు. పాండురంగారావు క్యారియర్‌తో అటే నడిచాడు. ముందు వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేసి ఉందో లేదో చూసుకుని, అప్పుడు ఆవిడ పక్కన కూర్చున్నాడు.