సూర్యప్రకాశరావు ఇంగ్లీషు సంత

భీమడోలులోని ఆ ప్రైవేటు స్కూలు వాళ్ళు జనవరిలో స్టాఫ్ రూము గోడకి ఒక కాగితం అంటించారు. జూన్ నుంచి తెలుగు మీడియం ఉండదు. ఏప్రిల్‌లో ప్రతి మాస్టారూ యాజమాన్యం పంపే ఆఫీసరు ముందు ఇంగ్లీషులో పాఠం చెప్పి చూపించాలి. చెప్పలేకపోతే ఇంటికే. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ సోషల్ చెబుతున్న సూర్యప్రకాశరావు ఆ కాగితం చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. నలభై ఏడేళ్ళ తెలుగు మీడియం మాస్టారిని కొత్తగా ఎవరు చేర్చుకుంటారు? ఇది పోతే ఇంకొకటి దొరకదని ఆయనకి తెలుసు.

ఆ సాయంత్రం ఏలూరులో ఇంటికొచ్చి, కొత్త నోట్సు తీసి, స్కేలు పెట్టి గడులు గీశాడు. తొంభై రోజుల ప్రణాళిక. పొద్దున్నే ఐదింటికి లేచి ఫోనులో వింటూ పది వాక్యాలు నేర్చుకోవాలి. భీమడోలు వెళ్ళే ప్యాసింజరులో ఆ పదీ వల్లె వేయాలి. సాయంత్రం కూతురు సంహితతో పది నిమిషాలు ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ఈ చివరి గడి డిగ్రీ చదువుతున్న సంహిత పట్టుబట్టి పెట్టించింది.

"తప్పులొచ్చినా పర్లేదు నాన్నా, నోటికేదొస్తే అది మాట్లాడెయ్యండి. నేనేం నవ్వను," అంది.

"అలాగేనమ్మా," అన్నాడాయన. అనడానికేముంది.

ఇక్కడ ఆయన చిన్ననాటి సంగతి కాస్త చెప్పకపోతే ఈ మనిషి అంతుపట్టడు. ఆయన తండ్రి పౌరోహిత్యం చేసేవారు. కొడుక్కి పన్నెండేళ్ళు నిండేదాకా ఆయనే కూర్చోబెట్టి మంత్రాలకు సంత చెప్పారు. సంత అంటే గురువు ఒకసారి పలకాలి, శిష్యుడు రెండుసార్లు పలకాలి. పుస్తకం లేదు, ప్రశ్నలు లేవు. స్వరం తప్పిందా, తొడపాశం పెట్టి మళ్ళీ మొదటి నుంచీ చెప్పించేవారు. తప్పు పలకడం కంటే నోరు మూసుకోవడమే నయమని ఆ పిల్లవాడి ఒంటికి పట్టేసింది. పెద్దయ్యాక పౌరోహిత్యం వదిలేసి బి.ఎడ్. చేశాడు గానీ ఆ భయాన్ని మాత్రం వదుల్చుకోలేకపోయాడు.

అందుకని ఇంగ్లీషుకీ సంతే పెట్టుకున్నాడు. ఫోను ఒకసారి చెప్పేది, ఈయన రెండుసార్లు చెప్పేవాడు. రైల్లో కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతుంటే ఎదుటి సీటావిడ జపమనుకుని కాళ్ళు వెనక్కి తీసుకుంది. ఆఫీసరు ముందు చెప్పాల్సిన ఎనిమిదో తరగతి పాఠం 'సరస్సులు' మొత్తం నెలన్నరలో కామాతో సహా నోటికి వచ్చేసింది. ఎక్కడ అడిగినా అందుకునేవాడు. సాయంత్రం గడి మాత్రం ఖాళీ. రోజూ అందులో పెన్సిలుతో 'రేపటి నుంచి' అని రాసేవాడు. సంహిత పక్కన కూర్చుని, "హౌ వాజ్ యువర్ డే, నాన్నా?" అంటే గొంతు సవరించుకుని, లేచి మంచినీళ్ళకి వెళ్ళేవాడు. కన్నకూతురి ముందు ఒక తప్పు మాట అంటే ఏం కొంపలు మునిగిపోతాయి? తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. కానీ ఆయనకి నిజంగానే సిగ్గు, చచ్చేంత సిగ్గు.

"కాస్త దాంతో మాట్లాడొచ్చు కదండీ," అని భార్య విజయకుమారి రెండు మూడుసార్లు అంది.

"పాఠం వచ్చేసింది కదా. ఆరోజు చెప్పాల్సింది పాఠమేగా," అన్నాడు.

ఏప్రిల్‌లో ఆ రోజు రానే వచ్చింది. ఆఫీసరు, ప్రిన్సిపాల్ రాజరత్నం వెనక బెంచీలో కూర్చున్నారు. సూర్యప్రకాశరావు ఇరవై నిమిషాలు తడబడకుండా పాఠం చెప్పాడు. రాజరత్నం మొహం విప్పారింది. అప్పుడు ఆఫీసరు పిల్లల వైపు తిరిగి, సారుని ఏదైనా అడగండన్నాడు.

కొల్లేటి ఒడ్డున ఉన్న ఆగడాలలంక నుంచి వచ్చే సాయిప్రియ లేచింది. "సర్, అవర్ కొల్లేరు... డ్రై అయిపోద్దా సర్?"

కొల్లేరు గురించి ఆయనకి తెలియనిదేముంది! తమ్మిలేరు, బుడమేరు ఎటు నుంచి వచ్చి కలుస్తాయో, ఉప్పుటేరు మీదుగా నీళ్ళు సముద్రానికెలా పోతాయో, ఎండల్లో సముద్రపు ఉప్పు ఎలా పైకి ఎగదన్నుతుందో, చేపల చెరువుల గట్లు సరస్సుని ఎలా నొక్కేశాయో, గంట సేపు చెప్పగలడు. అదంతా తెలుగులో గొంతు దాకా వచ్చి నిలబడిపోయింది. ఇంగ్లీషులో మొదటి మాట వెతికాడు. ఇది సరైందేనా? కాకపోతే? ఇంకోటి వెతికాడు. ఫ్యాను తిరుగుతోంది. నలభై మంది పిల్లలు ఆయన నోటి వంకే చూస్తున్నారు. నుదుటి మీద చెమట కళ్ళలోకి దిగింది. ఆయన నోరు తెరవలేదు.

చాలాసేపు చూసి ఆఫీసరు సాయిప్రియనే చెప్పమన్నాడు. ఆ పిల్ల జంకూ గొంకూ లేకుండా, "సర్, లేక్ స్మాల్ స్మాల్. పాండ్స్ బిగ్ బిగ్. మై ఫాదర్ ఆల్సో పాండ్ సర్. రెయిన్ నో, దెన్ లేక్ ఫినిష్," అంది.

"గుడ్," అన్నాడు ఆఫీసరు. "అలా మాట్లాడాలండీ మాస్టారూ."

బడి వదిలాక రాజరత్నం వరండాలోకి తీసుకెళ్ళి, భుజం మీద చెయ్యి వేశాడు. "పిల్లలకి మీరంటే ఇష్టమని కూడా చెప్పానండి. ఆఫీసరు వినలేదు. ఈ నెలాఖరు దాకా రండి మాస్టారూ."

సూర్యప్రకాశరావు తలూపాడు. తిరుగు రైల్లో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాడు. ఆ చిన్నపిల్లకున్నంత ధైర్యం లేకపోయిందే నాకని కుమిలిపోయాడు. దెందులూరు దాటాక ఏడుపొచ్చింది. గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇంట్లో సంహిత ఎదురొచ్చింది. "ఎలా జరిగింది నాన్నా?"

ఆయన చెప్పులు విప్పి కుర్చీలో కూర్చున్నాడు. "మై జాబ్... గో," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఇంగ్లీషులో సొంతంగా ఆయన కూడబలుక్కుని అన్న మొదటి మాట అది. సంహిత ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడింది.

"ఏవండీ, ఏమన్నారు?" అంటూ విజయకుమారి వంటింట్లోంచి వచ్చింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఏమన్నారండీ?" అని మళ్ళీ అడిగింది. ఆ మాట తెలుగులో చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.