బూన్ లేలో పిన్ని వంటింట్లో తొలి పోర్క్ రోస్ట్

మా విజయ పిన్ని పుట్టినప్పటి నుంచీ శాకాహారి. సింగపూర్ చైనీయుడైన బాబాయిని పెళ్లాడిన ఈ ముప్ఫై ఏళ్లలో ఆవిడ వంటింట్లోకి మాంసం రాలేదు. ఆయనకు తినాలనిపించినప్పుడు కింద తిండి కొట్లన్నీ ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్లి తినేసి వచ్చేవారు. ఈమధ్య ఆపరేషన్ అయ్యాక మెట్లు దిగలేక, ఏదీ సహించక చిక్కిపోయారు. మొన్న పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయికి వాళ్లమ్మ చేసే పోర్క్ రోస్ట్ తినాలనుందటే. నాకేమో చేతకాదు. నువ్వు రా, మనింట్లోనే చేద్దాం."

శనివారం పొద్దున క్లెమెంటి మార్కెట్‌లో తోలుతో ఉన్న భుజం ముక్క కిలో తీసుకున్నాను. "కొవ్వు తీసేయమనకు, మెత్తదనమంతా అందులోనే లా!" అంది కొట్టు ఆంటీ, సింగపూర్ యాసలో మాట చివర 'లా' తగిలిస్తూ. అక్కడి నుంచి బూన్ లేకి రైల్లో నాలుగే స్టేషన్లు, టికెట్ రెండు డాలర్లలోపే. సన్నటి వానలో చెట్లు, చెరువు, ఫ్లాట్ల వరుసలు నీళ్లలో కరిగిన రంగుల్లా వెనక్కి జారిపోతుంటే, దిగాలన్న సంగతే మరిచిపోయాను. తలుపులు మూసుకోబోతుండగా ఒక్క ఉదుటున దిగాను.

పిన్ని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు తీసింది. నేను తోలును పొడిగా తుడిచి, గాట్లు పెట్టి ఉప్పు రుద్దాను. మాంసానికి వెల్లుల్లి, మిరియాలు, సోయా సాస్ పట్టించాను. ట్రే అడుగున కాసిన్ని నీళ్లు పోసి, ఓవెన్‌ని నూట యాభై డిగ్రీల దగ్గర పెట్టి రెండున్నర గంటలు వదిలేశాను. చివర్లో వేడి పెంచితే తోలు చిటపటమంటూ పొంగింది. ఓవెన్ లోపలి పసుపు వెలుగు గోడ మీద పడుతోంది, బయట వాన పడుతూనే ఉంది. వాసన పడగ్గదిలోకి చేరిందేమో, బాబాయి గోడ పట్టుకుని మెల్లగా నడిచి వచ్చారు.

"అమ్మ వాసన," అన్నారు తన వచ్చీరాని తెలుగులో.

ముక్కలు కోసి పళ్లెం ఆయన ముందు పెట్టాను. చాప్‌స్టిక్స్‌తో తీయబోతే పట్టు చాలక ముక్క జారిపోయింది. ఆయన తల దించుకున్నారు. నేను సాయం చేయబోయేలోపే పిన్ని కొంగు నడుముకు దోపుకుని, ఆ ముక్కను తన వేళ్లతో తీసింది.

"నోరు తెరవండి."

"విజయా, నీ చెయ్యి..."

"కడుక్కుంటే పోతుంది. ముందు మీరు తినండి."

ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు నమిలారు. తర్వాత మళ్లీ నోరు తెరిచారు. ఈ వారం రోజుల్లో ఆయన ఒక ముద్దకు మించి తినడం అదే మొదటిసారని పిన్ని నాతో గుసగుసగా చెప్పింది.

సాయంత్రం తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఒకరి కోసం ఒకరు ఇన్నాళ్లూ ఏమేం మానుకున్నారో వాళ్లెప్పుడైనా లెక్కేసుకున్నారా అనిపించింది. వేసుకుని ఉండరు. మీరూ ఎవరికోసమైనా ఈ వంట చేస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: ఓవెన్‌లోంచి తీయగానే కోయకండి, రసమంతా పళ్లెంలోకి కారిపోతుంది. పావుగంట అలా వదిలేసి, ఆకలితో ఎదురుచూస్తున్న మనిషి పక్కన కాసేపు కూర్చోండి.